తొమ్మిదో నంబరు మంచం

అమీర్‌పేట మీద మెట్రో నీడ ఇంకా పడని కాలం అది. అప్పట్లో ఆ సందుల్లో నడిచే ప్రతి కుర్రాడి చంకలో ఒక జిరాక్స్ నోట్సు ఉండేది, ప్రతి కరెంటు స్తంభానికీ పది కోచింగ్ పోస్టర్లు వేలాడేవి. డిగ్రీ పాసైన ప్రతివాడూ రేపో ఎల్లుండో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అయిపోతాడని రాష్ట్రమంతా నమ్మిన రోజులు. మా వంశంలో డిగ్రీ పట్టా ముట్టుకున్న మొదటివాణ్ణి నేను (మా నాయన దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పొలం పాసుపుస్తకం పక్కన పెట్టి, "రెండిట్ల ఏది ముందుగాల పండుతదో చూద్దాం" అన్నాడు). అలాంటి నేను, జావా నేర్చుకుందామని నల్లగొండ వైపు నుంచి బస్సెక్కి వచ్చిన నేను, నలభై రోజులు ఒక దయ్యంతో కాపురం చేశాను. అదీ పట్టపగలు. నవ్వకండి. ఇప్పుడంటే నాకూ నవ్వొస్తోంది గానీ, ఆ రోజుల్లో ఆ గది గుమ్మం దాటాలంటే అరికాళ్ళు చల్లబడేవి.

మా హాస్టల్ ఒక పాత ఇంటి వెనక భాగం. ఒకటే పొడుగాటి గది, గోడ వెంబడి తొమ్మిది ఇనుప మంచాలు, ప్రతి మంచానికీ ఎర్ర రంగుతో నంబరు. నేను చేరిన రోజు ఓనర్ నన్ను చివరిదాకా నడిపించి, "గిదొక్కటే ఖాళీ ఉంది" అని నా ముఖంలోకి చూడకుండా చెప్పి వెళ్ళిపోయాడు. తొమ్మిదో నంబరు. పక్కన ఒక కిటికీ ఉంది గానీ, చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్క బిల్డింగు గోడ, దాని నిండా నాచు. మధ్యాహ్నం మూడింటికి ఆ నాచు మీద పడ్డ వెలుతురు ఆకుపచ్చగా మారి నా మంచం మీద పడేది. మిగతా ఎనిమిది మంచాలకీ మామూలు వెలుతురు. మంచం కింద ఒక జత నీలం రబ్బరు చెప్పులు ఉన్నాయి, ముందువైపు బయటికి తిప్పి, ఎవరో ఇప్పుడే లేచి వేసుకోబోతున్నట్టు. "ఎవరివి ఇవి?" అని అడిగాను. ఎనిమిది మంది ఎనిమిది నోట్సుల్లోకి తలలు దూర్చేశారు.

చివరికి చెప్పినవాడు ఒకటో నంబరు మంచం మీది గోదావరి జిల్లా అన్న. ఆయన మనుషులనే కాదు, వీధిలో పిల్లిని కూడా "పక్కకి తప్పుకోండి" అనేవాడు. అందుకని హాస్టలంతా ఆయన్ని గారన్న అని పిలిచేది. "ఏమండీ, మిమ్మల్ని భయపెట్టాలని కాదు గానీ," అని మొదలుపెట్టి నన్ను నిండా భయపెట్టాడు. "మీకు ముందు ఆ మంచం మీద ముగ్గురున్నారండి. ముగ్గురికీ ఉద్యోగాలు రాలేదు. ఒకాయన మధ్యాహ్నాలు తనలో తనే మాట్లాడుకునేవారు. ఇంకొకాయన ఊరికే ఏడిచేవారండి, అడిగితే కారణం లేదనేవారు. మూడో ఆయన ఓ రోజు పొద్దున్నే క్లాసుకెళ్ళి అటునుంచటే బస్సెక్కేశారు, చెప్పులు కూడా తీసుకెళ్ళలేదు. నా మంచం సంగతి చూడండి, దీని మీద పడుకున్న వాళ్ళంతా ఉద్యోగాలు కొట్టి వెళ్ళారు. అంతా మంచంలో ఉందండి."

ఆ సాయంత్రం నా మంచం పక్క గోడను దగ్గరగా చూశాను. సున్నం మీద గోటితో గీసిన గీతలు. నిలువుగా మూడు గీతలు, తర్వాత ఒక చిన్న సున్నా. మళ్ళీ నాలుగు గీతలు, సున్నా. మళ్ళీ నాలుగు. కింద ఇంకో చేతి గీతలు, అలాగే. అన్నిటికన్నా కింది వరసలో ఏడు గీతలు ఉన్నాయి. వాటి తర్వాత సున్నా లేదు, ఏమీ లేదు. ఆ ఏడో గీత మిగతావాటికన్నా లోతుగా, సున్నం పెచ్చు లేచేలా గీసి ఉంది.

వారం తిరగకముందే నాకు మొదలైంది. పొద్దున ఏడింటి క్లాసు, తర్వాత ల్యాబు అయ్యాక మధ్యాహ్నం వచ్చి కాస్త నడుం వాల్చేవాణ్ణి. గదిలో ఎవరూ ఉండరు. ఓ రోజు సరిగ్గా ఆ ఆకుపచ్చ వెలుతురు వచ్చే వేళకి కరెంటు పోయింది. ఫ్యాన్ మెల్లగా తిరిగి, తిరిగి, ఆగింది. ఆ నిశ్శబ్దంలో మంచం కింద నుంచి ఒక చప్పుడు. గుర్ర్‌ర్... గుడగుడగుడ... ఎవరో బరువైన కుండను నేల మీద ఈడుస్తున్నట్టు. ఊపిరి బిగబట్టి వంగి చూశాను. చెప్పులు తప్ప ఏమీ లేదు. లేచి కూర్చుంటే చప్పుడు ఆగింది. పడుకున్నాను. కాసేపటికి మళ్ళీ, ఈసారి దగ్గరగా, ఏదో చెప్పబోయి మింగేసినట్టు: "గుళుక్". తర్వాత గుండె మీద ఎవరో కూర్చున్న బరువు. నుదుటి మీద చెమట. కారణం లేకుండా దిగులు. బావిలో బొక్కెన దిగినట్టు లోపలికి, లోపలికి. నేనెందుకు పుట్టాను, ఈ జావా ఎందుకు పుట్టింది, ఇలాంటి ఆలోచనలు. కుంకుడుకాయ రసంలో ముంచినట్టు లోకమంతా మసక.

మంచం దయ్యమైతే మంచం దగ్గరే ఉండాలి కదా? ఇది నాతో పాటు వచ్చేది! రెండు వందల మంది ఇరుక్కున్న క్లాసులో సార్ బోర్డు వైపు తిరిగి రాస్తుండగా నా దగ్గర్నుంచి గుర్ర్‌ర్ మని లేచేది. ముందు బెంచీవాడు వెనక్కి తిరిగి చూసేవాడు, నేనూ వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక చిన్న కంపెనీలో నా మొదటి ఇంటర్వ్యూ. చల్లటి గది, ముగ్గురు పెద్దమనుషులు. మొదటి ప్రశ్నకే అది మొదలైంది. మధ్యలో కూర్చున్నాయన చిరాగ్గా "ప్లీజ్, మీ ఫోన్ వైబ్రేట్ అవుతోంది, ఆఫ్ చేయండి" అన్నాడు. నా దగ్గర ఫోనే లేదు. అయినా జేబులో చెయ్యి పెట్టి ఆఫ్ చేసినట్టు నటించాను. అది మళ్ళీ మోగింది. ఆయన బల్ల కిందికి వంగి చూశాడు. ఆ చూపు చూశాక నాకు వచ్చిన జావా కూడా రాలేదు. రెండో ఇంటర్వ్యూలో చప్పుడు లేదు గానీ తలంతా పొగ. నాన్న పేరు అడిగితే ఆలోచించి చెప్పాను.

ఇంటి దగ్గర మా అన్న నా కోసం పదో తరగతిలోనే బడి మానేసి నాగలి పట్టినవాడు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే మెత్తగానే అన్నాడు: "తమ్మీ, ఫికర్ చెయ్యకు. నెలాఖరు దాక చూడు. రాకుంటె ఇంటికొచ్చెయ్. మనిద్దరం కలిసి చేసుకుందాం పొలం." తిట్టినా బాగుండేది. ఇంక నాకు మిగిలింది ఒక్క ఇంటర్వ్యూ, పంజాగుట్టలో. ఐదు రోజుల్లో.

ఆ రాత్రి నా మొహం చూసి గారన్న ఒక నిశ్చయానికొచ్చాడు. "దిగదుడుపు తియ్యాలండి. ఆలస్యం చేస్తే నాలుగో ఆయన మీరే అవుతారు." మర్నాడు మధ్యాహ్నం అందరూ క్లాసుల్లో ఉండగా, ఉప్పు, ఎండుమిరపకాయలు, రెండు నిమ్మకాయలు, సాంబ్రాణి తెచ్చాడు. నన్ను తొమ్మిదో నంబరు మీద కూర్చోబెట్టి, చెప్పుల చుట్టూ ముగ్గుపొడితో గీత గీసి, "దయచేసి వెళ్ళిపోండి. ఇక్కడ ఉండకండి. మీకు పుణ్యం ఉంటుంది" అని దయ్యాన్ని మర్యాదగా బతిమాలాడు. మిరపకాయల పొగ గదంతా కమ్మింది. ఆ పొగలో, ఆ ఆకుపచ్చ వెలుతురులో, అది పలికింది. గుర్ర్‌ర్... గుడగుడగుడ... గుళుక్. గారన్న చేతిలో నిమ్మకాయ జారి దొర్లింది. "వి... విన్నారాండి?" అన్నాడు. అప్పుడే తలుపు దగ్గర ఒక ఆకారం నిలబడింది, తల చుట్టూ తెల్లటి కొంగు, చేతిలో పొడుగాటి కర్ర లాంటిది. ఇద్దరం కలిసి ఒకే అరుపు అరిచాం.

"గిదేంది గీ పొగ? ఇల్లు గిట్ట కాలవెడుతున్నరా?"

మా వంటమనిషి పెద్దమ్మ. చేతిలోది కర్ర కాదు, అన్నం గరిటె. ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనక నుంచి రోజూ నడిచి వచ్చి మా తొమ్మిది మందికీ వండేది. సంగతంతా గారన్న దగ్గుతూ చెప్పాడు, ముగ్గురి కథతో సహా. ఆమె ముగ్గు వైపు, నిమ్మకాయల వైపు, చివరికి నా వైపు చూసింది. అంతలో అది మళ్ళీ పలికింది. నేను మంచం కిందికి వంగాను. ఆమె వంగలేదు. తిన్నగా వచ్చి నా పొట్ట మీద రెండు వేళ్ళతో కొట్టింది, పుచ్చకాయ కొనేటప్పుడు కొట్టినట్టు. డబ్ డబ్ మంది.

"బిడ్డా, ఎన్ని దినాలాయె?"

"ఏమి పెద్దమ్మా?"

"ఏందేంది? దొడ్డికి పోయి ఎన్ని దినాలాయె అంటున్న."

గారన్న గౌరవంగా గోడ వైపు తిరిగిపోయాడు. నేను సిగ్గుతో లెక్కపెట్టాను. సోమవారం... కాదు, ఆదివారం. "నాలుగు" అన్నాను. అని, ఎందుకో గోడ వైపు చూశాను. నాలుగు గీతలు, సున్నా. మూడు గీతలు, సున్నా. నాలుగు. వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, ఈసారి వేరే కారణానికి. ఒక్కో గీత ఒక్కో రోజు. సున్నా, విముక్తి. నా ముందు ఆ ముగ్గురు మహానుభావులు ఎవరికీ చెప్పుకోలేక గోడకి చెప్పుకున్నారు. ఏడు గీతల పెద్దమనిషి చివరికి ఊరి బస్సే ఎక్కాడంటే... పాపం, ఆయన పరుగు ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

పెద్దమ్మ నవ్వుకి గది కిటికీలు అదిరాయి. తర్వాత గోడకి వేలాడుతున్న ఓనర్ అట్టముక్కని గరిటెతో చూపించింది: 'పొద్దున ఆరు నుండి. మంచం నంబరు వరసలో. మనిషికి ఏడు నిమిషాలు.' తొమ్మిది మందికి ఒకటే పాయిఖానా. ఆ అట్ట మేమంతా రోజూ చూసేదే. మీరే లెక్కవేయండి. ఎనిమిది మంది అయ్యేసరికి ఏడుకి నాలుగు నిమిషాలు. ఏడింటికి క్లాసు, పది నిమిషాలు ముందు పోకపోతే బెంచీ దొరకదు, గుమ్మంలో నిలబడి జావా నేర్చుకోవాలి. కాబట్టి తొమ్మిదో నంబరువాడు రబ్బరు చెప్పులు ముందుకు తిప్పి సిద్ధంగా పెట్టుకుని, తన వంతు కోసం కాచుకుని, కాచుకుని, తలుపుకేసి చూసి గడియారం కేసి చూసి, బిగబట్టి క్లాసుకి పరుగెత్తేవాడు. తిరిగొచ్చేసరికి కుళాయి బంద్. సాయంత్రం నీళ్ళు వచ్చినా అప్పటికి కడుపు అలిగి మొండికేసేది. అదృష్టమంతా ఒకటో నంబరు మంచంలో ఎందుకుందో ఇన్నాళ్ళుగా ఇంత చదువుకున్నవాళ్ళం ఎవరమూ కనిపెట్టలేదు.

"నీళ్ళు తాగుతవా?" అంది పెద్దమ్మ. పోవలసొస్తుందని భయపడి తాగడం మానేశాను. "ఏం తింటున్నవ్?" పొద్దున చాయ్, బిస్కట్లు. మధ్యాహ్నం బండి మీద మిర్చి బజ్జీ. సాయంత్రం నూడుల్స్. ఆమె మెస్సులో కూరలో తోటకూర వేసిన రోజు పళ్ళెం పక్కకి నెట్టేవాణ్ణి. (సాఫ్ట్‌వేర్ వాళ్ళు తోటకూర తినరని నాకో నమ్మకం. ఇంట్లో రోజూ ఏం తినేవారని గారన్న అడిగితే ఇడ్లీ సాంబారని చెప్పాను. నిజానికి పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి జొన్నరవ్వ ఉడికించిన గట్క, చల్ల తిని పెరిగినవాణ్ణి. పట్టాతో పాటు నాలుక కూడా మారాలి అనుకున్నాను.)

"జొన్నలు తిని బలిసిన కడుపుల మైదాపిండి కుక్కితె అరవకేం జేస్తది?" అంది పెద్దమ్మ. "దయ్యం గాదు బిడ్డా, నీ పేగులే నిన్ను తిడుతున్నయ్. కడుపుల కుళ్ళుతుంటె దిమాక్‌ల ఏం పూలు పూస్తయా? ఏడుపు సుత ఆడికెల్లే వస్తది. పొద్దుగాల రెండు చెంబులు గోరెచ్చని నీళ్ళు తాగు. గట్క నేను కాస్త. జర నడువు, గా ఎర్రమంజిల్ దాక పోయిరా. అన్నిటికన్న ముందు," ఆమె గరిటె గారన్న వీపు వైపు తిరిగింది, "గీ గోదారాయన నంబర్ నువ్వు తీస్కో, నీది ఆయనకియ్యి."

గారన్న గిరుక్కున తిరిగాడు. అప్పటిదాకా దయ్యాన్ని వదిలించడానికి ప్రాణమిస్తానన్న మనిషి ముఖం పాలిపోయింది. "ఒకటో నంబరాండి? అంటే... వేరే ఏదన్నా అడగండి. నా కొత్త బూట్లు ఇస్తానండి." తన మంచం చూశాడు. నా ముఖం చూశాడు. ఆఖరికి, "నాలుగు రోజులేనా అండి?" అన్నాడు. అంత త్యాగం నా కోసం తర్వాత ఎవరూ చెయ్యలేదు, పెళ్ళయ్యాక కూడా.

మొదటి రోజు ఏమీ జరగలేదు. ఏడు నిమిషాలూ మౌనంగా కూర్చుని వచ్చాను. గదిలో ఎనిమిది జతల కళ్ళు పరీక్షా ఫలితం అడుగుతున్నట్టు నా వైపు చూశాయి. తల అడ్డంగా ఊపాను. పెద్దమ్మ గట్కలో చిక్కటి చల్ల పోసి పెట్టింది. మొదటి ముద్దకే మా అమ్మ వంటింటి మసి వాసన వచ్చింది, కళ్ళు చెమర్చాయి (ఈసారి కారణం తెలుసు). రెండో రోజూ గట్క, తోటకూర, నడక. మూడో రోజు పొద్దున... వివరాలు వద్దు. బయటికొచ్చి తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి నాలుగు గీతలూ, మరో రెండూ గీసి, వాటి పక్కన ఒక పెద్ద సున్నా చుట్టాను, పున్నమి చంద్రుడంత. గదంతా చప్పట్లు కొట్టింది. ఆ మధ్యాహ్నం ఆకుపచ్చ వెలుతురులో పడుకుంటే చప్పుడు లేదు, బరువు లేదు. అది ఉత్త నాచు. నెల రోజుల నుంచి అర్థం కాని ఒక జావా పాఠం ఆ పూట చదివితే కథలా ఎక్కింది. ఇంత తేలిగ్గా ఉంటుందా మనిషి తల!

నాలుగో రోజు పంజాగుట్ట. ఒక్కరే మేడమ్, పెద్ద బల్ల, గడియారం చప్పుడు తప్ప ఏమీ వినిపించని గది. సమాధానాలు చెబుతూనే ఒక చెవి లోపలికి పెట్టుకున్నాను, వస్తుందా, వస్తుందా అని. సరిగ్గా నేను ఆగిన చోట, ఆ నిశ్శబ్దంలో, వచ్చింది. గుర్ర్‌ర్... గుడగుడ... పొట్ట మీద చెయ్యి వేసుకున్నాను. పొట్ట నిద్రపోతోంది. మళ్ళీ వచ్చింది, బల్ల అవతలి నుంచి. మేడమ్ ముఖం కందగడ్డయింది, కాగితాలు సర్దుకుంటోంది. ఆమె కళ్ళ కింద ఆ మసక, ఆ దిగులు... నాకు పరిచయమైనవే. ఊరుకోవాలి. ఉద్యోగం కావాల్సినవాడు ఊరుకుంటాడు. నేను ఊరుకోలేదు. "మేడమ్, పొద్దున ఏం తిన్నారు?" అని నోరు జారాను.

ఆమె చేతిలోని కాగితాలు కింద పెట్టింది. "టీ," అంది మెల్లగా. తర్వాత, "మూడు టీలు." తర్వాత నవ్వు ఆపుకోలేక తల బల్ల మీద పెట్టేసింది. మిగతా పదిహేను నిమిషాల్లో సగం జావా, సగం జొన్న గట్క. వెళ్ళేటప్పుడు చెయ్యి కలిపి, "సోమవారం వచ్చి చేరండి" అంది.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకి ఆటో ఎక్కలేదు, పరుగెత్తాను. దారిలో బస్సు కోసం నిలబడ్డ ఒక తాతకి చెప్పాను, సోడా బండి భాయ్‌కి చెప్పాను ("ముబారక్ హో" అని ఆయన సోడా కొట్టాడు), ఎస్టీడీ బూత్ నుంచి మా అన్నకి చెప్పాను. అవతలి నుంచి దూరంగా "నాయనా! పట్టా పండిందే!" అన్న కేక వినిపించింది, ఆ కేక పొలాల మీదుగా వెళ్ళిపోవడం కూడా వినిపించింది. హాస్టల్ గుమ్మంలోంచే అరిచాను: "పెద్దమ్మా! నౌకరి వచ్చింది!"

ఆమె వంటింట్లోంచి తల బయటపెట్టి, సంతోషంగానే గానీ గొంతు తగ్గించి అంది: "మంచిగాయె బిడ్డా. గది సరే గని, జర లోపటికి పోయి గా గోదారాయనని చూడు. పొద్దుట్నించి మాట్లాడుతలేడు."

లోపల మధ్యాహ్నపు ఆకుపచ్చ వెలుతురు. తొమ్మిదో నంబరు మీద గారన్న మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు. కళ్ళు లోతుకు పోయాయి. గోడ మీద కొత్తగా మూడు గీతలు. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టి, గుసగుసగా అన్నాడు: "ఏమండీ... మంచం కింద ఎవరో ఉన్నారండి."

ఆ సాయంత్రమే తొమ్మిది మందిమీ ఓనర్ దగ్గరికి వెళ్ళి అట్టముక్క పీకించాం. రోజుకో నంబరు నుంచి వరస మొదలయ్యేలా కొత్తది రాయించాం. రాసింది నేనే, అది నా మొదటి ప్రోగ్రామ్ అనుకోవచ్చు. గారన్నకి కూడా ఆ నెలలోనే ఉద్యోగం వచ్చింది. నా కన్నా పెద్దది.

మొన్న ఆదివారం అటు వెళ్తే ఆ ఇల్లు లేదు, సెల్‌ఫోన్ కవర్ల దుకాణం ఉంది. ఆ గోడ, ఆ గీతలు, నా పున్నమి చంద్రుడు అన్నీ పోయాయి. ఇప్పుడు మా ఇంట్లో మూడు బాత్రూములు, ముగ్గురం మనుషులం. వరస లేదు, అట్టముక్క లేదు, తొందర లేదు. అయినా తెల్లవారగానే రెండు చెంబుల నీళ్ళు తాగి, చెప్పులు వేసుకుని తలుపు దాకా వెళ్ళి, ఎందుకో ఒక్క నిమిషం ఆగుతాను, నా ముందు ఇంకా ఎనిమిది మంది ఉన్నట్టు. ఎవరూ రారు. "ఎందుకు నిలబడ్డారు, ఖాళీగానే ఉందిగా?" అంటుంది మా ఆవిడ. ఖాళీగానే ఉంది. అదే నాకు కాస్త వెలితిగా ఉంటుంది.